మా అత్త కుక్కలకు నదుల పేర్లు

మా మేనత్త పోయిందన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ దీదీ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నన్ను చేత్తో పిలిచారు. ఆవిడ ఎప్పుడూ అలా పిలవరు. బయటికి వెళ్లి చూస్తే నా ఫోన్ ఆవిడ చేతిలో ఉంది. స్టాఫ్ రూములో అదేపనిగా మోగుతుంటే ఆవిడే ఎత్తారట. మా ఊళ్లోనే ఖరిదా పేటలో అత్త ఇంటి పక్క వాటాలో ఉండే బెంగాలీ కోడలు అవతల ఏడుస్తూ ఒకటే మాట చెబుతోంది. పిషీమా ఇక లేరు అని. బెంగాలీలో పిషీమా అంటే మేనత్త. నన్ను చూసి ఆ అమ్మాయి కూడా అలాగే పిలవడం నేర్చుకుంది. పొద్దున్న టీ తాగి, పడక్కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్లిపోయిందట.

నేను టోటో బ్యాటరీ రిక్షా ఎక్కి వెళ్లేసరికి ఇంటి ముందు జనం చేరారు. ట్రాఫిక్ కాలనీ నుంచి వచ్చిన మా చుట్టాలు ఒక పక్క, చుట్టాలు కానివాళ్లు ఒక పక్క. మధ్యాహ్నానికి కోల్‌కతా నుంచి కూడా నలుగురైదుగురు వచ్చారు. ఒక పెద్దమనిషి తన కుక్కను వెంటబెట్టుకొచ్చి గేటు బయట నిలబడ్డాడు. పంతులుగారు ఆ కుక్క వంక ఒకసారి చూసి తన పని తాను చూసుకున్నారు. మా చిన్నాన్న నా చెవిలో అడిగాడు, "వీలంతా ఎవులే?" అని. "అత్త మనుషులే చిన్నాన్నా" అన్నాను. అంతకంటే వివరంగా చెప్పే సమయం అప్పుడు లేదు. ఇప్పుడు చెబుతాను.

మా తాత శ్రీకాకుళం పక్క పల్లె నుంచి బెంగాల్లోని ఈ రైల్వే ఊరి వర్క్‌షాపులో పనికొచ్చాడు. అత్త ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లోనే పుట్టింది, రైల్వే బడిలోనే చదివింది, రైల్వే అకౌంట్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరై ఖరిదాకు మారింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కుదరలేదమ్మీ" అనేది, బస్సు దొరకలేదన్నంత తేలిగ్గా. ఆమె పక్క క్వార్టరులో ఒక ఆంగ్లో ఇండియన్ నర్సు ఉండేదట. ఆవిడ ఆస్ట్రేలియా వెళ్లిపోతూ తన ఆల్సేషియన్ ఆడకుక్కను అత్త చేతిలో పెట్టి వెళ్లింది. దానికి ఒక ఇంగ్లీషు పేరు ఉండేది. అత్త ఆ పేరు తీసేసి వంశధార అని పెట్టుకుంది. దాని కూతురు గోస్తని. ఆ కూతురి కూతురు చంపావతి. తాను ఎన్నడూ ఉండని ఊళ్ల నదులన్నీ ఆమె పెరట్లో తిరిగేవి.

అలా మొదలై ఆమె కుక్కలను పెంచే మనిషి, జత కట్టించి పిల్లలను తీయించే మనిషి, చివరికి డాగ్ షోలలో తీర్పు చెప్పే జడ్జి అయింది. ఆఫీసుకు సెలవు పెట్టి రాంచీ, కటక్, కోల్‌కతా వెళ్లేది. నేత చీర చెంగు నడుముకు బిగించి, తెల్లటి క్యాన్వాస్ బూట్లు వేసుకుని గ్రౌండులో నిలబడేది. బూట్లూ చీరా చూసి మొదట నవ్వినవాళ్లు, ఆమె కుక్క మీద చెయ్యి వేయగానే నవ్వు ఆపేసేవారు. మెడ దగ్గర మొదలుపెట్టి, భుజం, పక్కటెముకలు, నడుము, తుంటి, తొడ, ఒక్కొక్కటే తడుముతూ పోయేది. ఆ తర్వాత నడిపించమనేది. ముందు నుంచి కాదు, వెనక నుంచి చూసేది.

"మొగం ఎవులైనా సూత్తారే. ఎల్లిపోతన్నప్పుడు సూడాల. కుక్కయినా, మనిసైనా" అనేది.

అత్త ఎదురింటి రైల్వే గార్డుగారికి, అందరూ "పామరేనియన్" అనుకునే తెల్ల కుక్క ఒకటి ఉండేది. అది పామరేనియన్ కాదు, స్పిట్జ్ అని అత్త చెప్పినందుకు గార్డుగారి భార్య కొన్నాళ్లు మాట్లాడటం మానేసింది. తర్వాత ఆవిడే వచ్చి, "పోనీ, ఈ స్పిట్జ్ ఏ గుంపులోదో అదైనా సెప్పండి" అని అడిగింది. అత్త ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. అప్పుడు నేను కాలేజీలో జీవశాస్త్రం చదువుతున్నాను, అంతా తెలుసనుకునే వయసు.

జాతులన్నిటినీ గుంపులుగా కట్టారని, కట్టింది పనిని బట్టేనని అత్త చెప్పింది. గొర్రెలను, పశువులను మళ్లించేవి ఒక గుంపు. కాపలా కాసేవి, బండి లాగేవి ఒకటి. వాసన పట్టి తరిమేవి, కంటితో చూసి తరిమేవి వేట కుక్కలు. మన రాజపాళయం, ముధోల్ అందులోకే వస్తాయి. కన్నాల్లో దూరి ఎలుకలను, నక్కలను పట్టే టెర్రియర్లు. తుపాకీ వాళ్ల వెంట పోయి కొట్టిన పిట్టను తెచ్చేవి. ఒళ్లో కూర్చోవడమే పనిగా ఉన్న బుల్లి కుక్కలు. ఒక దేశం పుస్తకంలో ఏడు గుంపులు, ఇంకో పుస్తకంలో పది.

"మరి ఏది కరెక్టు?" అన్నాను.

"రెండూ మనుసులు రాసినవే కదా. నాను నేర్సుకున్నప్పుడు మా ఆల్సేషియన్ పని కుక్కల గుంపులో ఉండీది. ఇప్పుడు గొర్రెల కుక్కల గుంపులోకి మార్చినారు. గుంపు మారింది. మా చంపావతికి ఆ సంగతి తెలీదు. అది నిన్న ఎలగ పడుకుందో ఇయాలా అలగే పడుకుంది."

గార్డుగారి భార్య నవ్వింది. "మరి గుంపులు ఎందుకండీ?"

"ఎతుక్కోడానికి. మసాలా డబ్బాలో గళ్లు లేపోతే జీలకర్ర దొరకదు. గొప్ప సెప్పుకోడానికి కాదు."

ఆ సాయంత్రమే నేను అడిగాను, అసలు ఒక జాతి ఎలా తయారవుతుందని. తరగతిలో చదివిన మాటలు నా దగ్గర ఉన్నాయి. కానీ ఆమె మా తాత చెప్పిన సంగతి చెప్పింది. పల్లెలో కోతలకు ముందు తాత చేనులో దిగి, నచ్చిన కంకులు ఏరి విత్తనానికి పక్కన పెట్టేవాడట. పొడుగు కంకి కావాలంటే పొడుగువే ఏరాలి. ఏటేటా అలాగే ఏరితే కొన్నాళ్లకు చేనంతా ఒకే పొడుగు. కుక్కలనూ మనుషులు అలాగే ఏరారు. గొర్రెను కరవకుండా మళ్లించేదాన్ని, అలాంటిదే ఇంకోదానితో జత కట్టించారు. వాటి పిల్లల్లో మళ్లీ ఏరారు. చెవులు, రంగు, వెన్ను అన్నీ ఒక అచ్చులోకి వచ్చాక, ఇకపై బయటి కుక్క కలవకూడదని తలుపు మూసి పేరు పెట్టారు.

"తలుపు మూసినాక లోపలున్నవాల్లే కదా, ఆల్లలో ఆల్లే కట్టుకోవాల. మంచి కూడా లోపలే ఉంటాది, సెడ్డా లోపలే ఉంటాది. ఏరిందే ఏరితే గింజ అందంగా ఒకేలాగుంటాది. తెగులొస్తే సేనంతా ఓపాలే పోతాది."

ఈ మాట అన్నప్పుడు ఆమె చంపావతి కూతురి వీపు మీద దువ్వెన ఆడిస్తోంది. దాని పేరు నాగావళి.

నాగావళిని చూడనివాళ్లకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. అది నడుస్తుంటే నేల మీద అడుగు పడినట్టు ఉండేది కాదు. కోల్‌కతా షోలో దాని గుంపులో మొదటి స్థానం వచ్చిన రోజు, అత్త రైల్లో ఇంటిదాకా కప్పును ఒళ్లోంచి దించలేదు. ఒకటే నవ్వు. ఆ నాగావళికి ఒక ఈత అయింది. పిల్లలు నాలుగు ఇళ్లకు వెళ్లాయి. రెండో ఈతకు కోల్‌కతాలోని పెద్ద బ్రీడర్ ఒకాయన, మేమంతా దాదా అనేవాళ్లం, విదేశం నుంచి తెప్పించిన తన మగకుక్కను ఇస్తానన్నాడు. అలాంటి సంబంధం మా వైపు ఎవరికీ దొరకలేదు. పుట్టబోయే పిల్లల కోసం జంషెడ్‌పూర్ నుంచి కూడా మనుషులు వచ్చి మాట తీసుకుని వెళ్లారు. వంశధారతో మొదలైనది ఇక్కడికి చేరుతుందని అత్త ఏళ్ల తరబడి ఎదురుచూసింది.

అప్పుడు వచ్చాడు ఫిట్టర్ మామయ్య. చుట్టం కాదు, వర్క్‌షాపులో మా నాన్నతో కలిసి పనిచేసినాయన. మొదటి ఈతలోని మగపిల్లను ఆయనే తీసుకెళ్లాడు. దానికి ఏడాది దాటింది. ఆయన దాన్ని సైకిల్ రిక్షాలో కూర్చోబెట్టి తెచ్చాడు.

"అప్పా, ఇది మెట్లెక్కనంటంది. బద్దకమో ఏటో. లేవమంటే ముందరి కాల్లు లేపుతాది, ఎనక కాల్లు లేపదు. ఓపాలి సూడు."

అత్త దాన్ని పెరట్లో నడిపించమంది. వెనక నిలబడి చూసింది. అది రెండు వెనక కాళ్లూ ఒకేసారి కదిపి, కుందేలులా గెంతుతూ పోయింది. ఇంకోసారి నడిపించమంది. ఆ తర్వాత దగ్గరికి పిలిచి తుంటి మీద చెయ్యి వేసింది. అది కరవలేదు, మూలగలేదు. తల తిప్పి ఆమె చెయ్యి నాకింది. అత్త మొహం అప్పుడు చూశాను. ఆఫీసులో లెక్క తప్పిందని తెలిసినప్పటి మొహం కాదు అది. ఇంట్లో ఎవరికో ఏదో అయిందని విన్నప్పటి మొహం.

"బద్దకం కాదు తమ్ముడూ. కోల్‌కతా తీసుకెల్లి ఎముకల ఫోటో తీయిద్దాం" అంది.

ఆ సోమవారం ఆమె సెలవు పెట్టింది. ఫిట్టర్ మామయ్య, నేను, అత్త, రెండు కుక్కలు. రెండోది నాగావళి. "దానికేమైంది, బాగానే ఉంది కదా?" అన్నాను. అత్త దాని మెడకు గొలుసు తగిలించింది. కుక్కలను గార్డు బోగీలో ఎక్కించి, తాను ప్రతి పెద్ద స్టేషనులోనూ దిగి వెళ్లి చూసి వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు ఎదురుగా పెట్టి చూపించాడు. తుంటి దగ్గర గుంట లోతుగా ఉండాలి, తొడ ఎముక తల అందులో గిన్నెలో బంతిలా కూర్చోవాలి. ఫిట్టర్ మామయ్య కుక్కకు ఆ గుంట సాసరులా ఉంది. ఎముక సగం బయటే ఉంది. తర్వాత నాగావళి ఫిల్ము పెట్టాడు. అంత లోతు లేకపోవడం నాకు కూడా కనిపించింది. దాని నడకలో ఏ లోపమూ లేదు, ఎముకలో ఉంది. ఇది రక్తంలో వచ్చేది, తల్లికి ఇబ్బంది లేకపోయినా పిల్లల్లో బయటపడవచ్చు, అన్ని పిల్లల్లోనూ రాదు అన్నాడు డాక్టరు. "దీనికి ఉన్నది చాలా తక్కువే. ఇంతకంటే ఎక్కువ ఉన్నవాటితోనే పిల్లలను తీయిస్తున్నారు" అని ఓదార్పుగా కూడా అన్నాడు.

అక్కడి నుంచి అత్త నేరుగా దాదా ఇంటికి వెళ్లింది. ఆయన మర్యాదగా స్వీట్లు తెప్పించాడు. అత్త చెప్పింది విని అన్నాడు, "దీదీ, మీరు ఆ ఫోటో తీయించకపోతే తెలిసేదే కాదు. రింగులో జడ్జి ఎక్స్‌రే చూడడు కదా. ఇలాంటి కుక్క మళ్లీ పుట్టదు. ఒక్క ఈత తీయించండి, ఆ తర్వాత ఆపేయండి."

"ఆ ఒక్క ఈతలో పిల్లల్ని ఎవులికిస్తాను దాదా?" అంది అత్త. ఆయనకు తెలుగు రాదు. ఆ మాట ఆమె తనకు తానే చెప్పుకుంది. తర్వాత హిందీలో, సంబంధం వద్దనుకుంటున్నానని చెప్పి లేచింది. స్వీటు ముక్క ప్లేటులో అలాగే ఉండిపోయింది.

ఆమె నాగావళికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించింది. నాగావళి తోబుట్టువు ఒకటి మిడ్నాపూర్‌లో ఉంది. పిల్లలు నాలుగిళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్లన్నిటికీ తానే వెళ్లింది. రెండు చోట్లకు నేను వెంట వెళ్లాను. "మీ కుక్కకు ఈ జబ్బు ఉండొచ్చు, నా కుక్క నుంచే వచ్చింది, పరీక్ష చేయించండి, దీంతో పిల్లల్ని తీయించకండి" అని గుమ్మంలో నిలబడి చెప్పేది. ఒకాయన తలుపు దగ్గరే గట్టిగా కేకలు వేశాడు. మంచి జాతి అని నమ్మించి ఇచ్చారన్నాడు. అత్త తల దించుకుని అంతా వింది. మిడ్నాపూర్ వాళ్లు తమ కుక్కను తెచ్చి గేటుకు కట్టి వెళ్లిపోయారు. అది చివరిదాకా అత్త దగ్గరే ఉంది.

ఫిట్టర్ మామయ్య మాత్రం కుక్కను తిరిగి ఇవ్వనన్నాడు. "సెవిటి పిల్లోడు పుడితే ఆసుపత్రికి తిరిగిచ్చేస్తామేటి అప్పా?" అన్నాడు. దాన్ని నీళ్లలో ఈదిస్తే కీలు మీద బరువు పడకుండా తొడ కండ బలపడుతుందని అత్త కనుక్కుంది. ఆయన రోజూ పనికి వెళ్లే ముందు వాళ్ల బస్తీ వెనక చెరువులో దాన్ని ఈదించేవాడు. మొదట్లో అత్త కూడా చీర తడుపుకుంటూ మోకాలి లోతులో నిలబడి దాని పొట్ట కింద చేతులు పెట్టి పట్టుకునేది. అది మెట్లు ఎక్కడం నేర్చుకుంది. పరుగెత్తలేదు గానీ, ముసలిదై తన కాలం వచ్చాకే పోయింది.

కోల్‌కతా వాళ్లు అత్తను జడ్జిగా పిలవడం మానేశారు. తన కుక్కను తానే చెడ్డదని చాటుకున్న మనిషి రేపు మా కుక్కలనేమంటుందో అని భయం కావచ్చు. చాలా ఏళ్లు క్యాన్వాస్ బూట్లు అటక మీదే ఉన్నాయి. బాధపడలేదని నేను అబద్ధం చెప్పను. షోలు జరిగే చలికాలం వచ్చిందంటే ఆమె మాట తగ్గిపోయేది. ఒకసారి నేను తెగించి అడిగాను, చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఎప్పుడైనా అనిపించిందా అని.

"అనిపిత్తాది. నాగ నడుత్తుంటే రోజూ అనిపిత్తాది" అంది. దువ్వెన అందుకుంటూ, "అడవిలో దానంతట అది పుట్టిన జంతువైతే దేవుడి మీద ఏసేద్దుం. దీన్ని మనిసి సేసినాడమ్మీ. సేసినోడే సూసుకోవాల" అంది.

ఆ ఏళ్లలోనే మా అన్నయ్యకు సంబంధాలు చూస్తున్నారు. అత్తకు బావ వరసయ్యే ఒకాయన మా ఇంటికొచ్చి, అమ్మాయి వాళ్ల జాతి మనకంటే తక్కువని, మనది కలగాపులగం కాని రక్తమని చెప్పుకుపోతున్నాడు. మా అమ్మ తల ఊపుతోంది. అత్త చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండా అంది: "రక్తం కలవకుండా ఉంచితే ఏటవుద్దో నాను పెరట్లో సూసినాను బావా. పిల్ల మంచిదా, మాటా మంచీ ఎలగున్నాది, అది సెప్పు." ఇంకెవరైనా అని ఉంటే గొడవయ్యేది. ఆ పెళ్లి జరిగింది. మా వదిన అత్త పాడె వెనక చెప్పుల్లేకుండా నడిచింది.

చాలా కాలం తర్వాత కోల్‌కతా నుంచి ఒక అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. కొత్తగా ఆల్సేషియన్లు పెంచుతోంది. తన కుక్కలన్నిటికీ తుంటి ఫోటోలు తీయించాకే కట్టిస్తున్నానని, ఇక్కడ ఒకావిడ ఎప్పుడో ఈ పని చేశారని ఎవరో తిడుతూ చెబితే విని వచ్చానని చెప్పింది. అత్త ఆ అమ్మాయికి అన్నం పెట్టింది. సాయంత్రం దాకా ఇద్దరూ ఎముకల గురించి మాట్లాడుకున్నారు. తర్వాతి చలికాలం ఆ అమ్మాయీ ఆమె తోటివాళ్లూ నడిపిన చిన్న షోకు అత్తను జడ్జిగా పిలిచారు. నేను వెళ్లాను. అటక మీది బూట్ల అడుగులు పిండిపిండి అయిపోతే మా ఊరి గోల్‌బజార్‌లో కొత్తవి కొన్నాం. ఆమె మళ్లీ చీర చెంగు బిగించింది. అత్త అంత్యక్రియలకు కోల్‌కతా నుంచి వచ్చినవాళ్లు ఆ అమ్మాయీ ఆమె మిత్రులే. గేటు బయట కుక్కతో నిలబడిన పెద్దమనిషి, ఒకప్పుడు తలుపు దగ్గర కేకలు వేసినాయన. ఆయన కుక్క వీధి కుక్క. ఇక జాతి కుక్క జోలికి పోనన్నప్పుడు, వర్షంలో దొరికిన పిల్లను ఆయనకు ఇచ్చింది అత్తే.

అందరూ జాతులు, గుంపులు అంటుంటే వీధి కుక్కలనేమంటారని ఒకసారి నా తరగతి పిల్లలు అడిగారు. సాయంత్రం అత్త ఇంటికెళ్లి అడిగాను. వేల ఏళ్లుగా ఎవరూ ఏరకుండా, ఎండా ఆకలీ ఏరితే మిగిలినవి అని చెప్పింది. "ఆటి తుంటి సూడు. ఎంత గట్టిగుంటాదో." ఆ మాట నేను తరగతిలో చెప్పాను. ఆ వారమంతా పిల్లలు బడి గేటు దగ్గర వీధి కుక్కల వెనక నిలబడి నడక చూశారు. చదువు చెప్పడం నాకు బి.ఎడ్. కాలేజీలో కొంత వచ్చింది. మిగతాది ఆమె అరుగు మీద వచ్చింది.

చివరి రెండేళ్లు అత్తకు కంటి నరం దెబ్బతిని చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. కుక్కను పెంచే ఓపిక లేదని తానే మానేసింది. నేను ఆమెను ఆఖరిసారి చూసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. పక్క వాటా బెంగాలీ కోడలు ఎక్కడి నుంచో ఒక కూనను తెచ్చుకుంది. ఏ జాతో తనకు తెలియదు, పిషీమా చూసి చెప్పాలని పట్టుబట్టింది. అత్త చేతులు తుడుచుకుని ఒడి పరిచింది. కూన మెడ దగ్గర మొదలుపెట్టి, భుజం, పక్కటెముకలు, నడుము, నిదానంగా తడుముతూ వచ్చింది. తుంటి దగ్గర ఆగింది. మేమిద్దరం ముందుకు వంగి చూస్తున్నాం. కూన ఆవలించి, ఆమె మణికట్టు మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.

"ఏ జాతి పిషీమా?" అంది ఆ అమ్మాయి.

అత్త వినిపించుకోలేదు. మొహం కొంచెం పైకెత్తి, కళ్లు మూసుకుని ఉంది. ఆ చిన్న వీపు లేస్తోంది, పడుతోంది. దాంతో పాటు ఆమె చెయ్యీ.